చేతుల మీద కూర్చుని

మొదటి గుండీయే తప్పు కాజాలోకి వెళ్ళింది. వెళ్ళిందని అమ్మాయికి తెలిసింది, గోడకి ఆనుకుని నిలబడి పరీక్ష చూస్తున్న మేడమ్‌కి తెలిసింది, తెలియనిదల్లా ఆ గుండీ పెట్టుకున్న డ్రైవరమ్మకే. ఆవిడ తల వంచుకుని, నాలుక కొస పంటికింద నొక్కిపెట్టి, కుడిచేత్తో రెండో గుండీ కోసం తడుముకుంటోంది. పక్షవాతం వచ్చిన ఎడమచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. ఎదురుగా కుర్చీలో అమ్మాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఒంటి బరువంతా వాటి మీద వేసి కూర్చుంది. చూసినవాళ్ళు చలి వేస్తోంది కాబోలు అనుకుంటారు. చలీ లేదు పాడూ లేదు, కిటికీలోంచి ఎండ నిక్షేపంలా పడుతోంది. ఆ చేతులు వాటంతట అవి లేచి డ్రైవరమ్మ మెడ దగ్గరికి వెళ్ళిపోకుండా అదిమిపెట్టడమే ఇవ్వాళ అమ్మాయి పని. పరాయి దేశం వచ్చి, పరాయి భాష నేర్చుకుని, ఇంత చదువూ చదివి చివరికి చెయ్యాల్సింది ఏమిటయ్యా అంటే, ఏమీ చెయ్యకపోవడం.

చేస్తే డ్రైవరమ్మ ఇల్లు పోతుంది. ఈ గదిలో ఆవిడ తనంతట తాను స్వెట్టర్ తొడుక్కుని, టీ పెట్టుకుని, కూర్చుని తాగితే, బస్సు డిపో ఎదురుగా మేడ మీద ఉన్న తన ఇంటికి వెళ్ళిపోవచ్చు. లేకపోతే ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే హాస్టల్ లాంటి చోటికి పంపిస్తారు. అది చెడ్డ చోటేమీ కాదు. అక్కడ టీ వాళ్ళే తెచ్చిస్తారు, గుండీలు వాళ్ళే పెడతారు, కిటికీలోంచి చెట్లు కూడా కనపడతాయట. డ్రైవరమ్మకి చెట్లు వద్దు. పొద్దున్నే డిపోలోంచి మొదటి బస్సు ఎవడు ఆలస్యంగా తీస్తున్నాడో చూసి, కిటికీ దగ్గర నిలబడి వాణ్ణి తిట్టుకోవాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒక్క వేలు సాయం చేసినా, ఒక్క మాట అందించినా, ఆ పని ఆవిడ చేసినట్టు కాదు. ఇదీ నియమం. ఇంత చిన్న నియమం పాటించడానికి ఇంత కష్టమేమిటా అని అమ్మాయికే ఆశ్చర్యంగా ఉంది.

ఆ గది ఆసుపత్రిలోనే ఉంది గానీ ఆసుపత్రిలా ఉండదు. ఒక మంచం, బట్టల బీరువా, వంటగట్టు, సింకు, గాజు తలుపుల అలమర, ఒక టేబులూ కుర్చీలూ, అన్నీ ఉన్న ఇల్లు, కాపురం ఉండేవాళ్ళు మాత్రం లేరు. అమ్మాయి దానికి ఉత్తుత్తి ఇల్లు అని పేరు పెట్టుకుంది. జబ్బుపడి లేచినవాళ్ళు ఇక్కడికొచ్చి చొక్కా తొడుక్కోవడం, మంచం దిగడం, కూర తరగడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటారు. వాళ్ళకి అవన్నీ నేర్పించే చదువు అమ్మాయిది. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుని, "టీ పెట్టుకోవడం నేర్పడానికి విమానమెక్కి వెళ్ళాలటే? మా ఇంటికి రా, మీ పెదనాన్నకి నేర్పుదువుగాని," అంది. పెదనాన్న పేపరు దించకుండానే, "నాకు రాక కాదమ్మా, మీ పెద్దమ్మ వంటింట్లోకి రానిస్తేగా," అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే ఆ మాట ఇంకోలా వినపడుతోంది. పెదనాన్న చేతులకి ఏ జబ్బూ లేదు, ఇనప కడ్డీల్లా ఉంటాయి. కానీ ఆయన్ని ఈ గదిలో పెట్టి టీ పెట్టమంటే పంచదార డబ్బా ఎక్కడుందని అడుగుతాడు, ఆ తర్వాత టీపొడి ఎక్కడుందని అడుగుతాడు, ఆ తర్వాత పెద్దమ్మ ఎక్కడుందని అడుగుతాడు. మేడమ్ ఆయన్ని జన్మలో ఇంటికి పంపించదు.

రెండో గుండీ కూడా తప్పు కాజాలోకే వెళ్ళింది. మొదటిది తప్పితే రెండోది మాత్రం ఏం చేస్తుంది పాపం, దాని వెనకే పోయింది. అమ్మాయి చూపు తిప్పేసుకుంది. చూపుతో కూడా చెప్పకూడదు కదా. డ్రైవరమ్మ ఆషామాషీ మనిషి కాదు, ఎదుటివాళ్ళ కళ్ళు చూసి బ్రేకు వేస్తుంది. ఊరి బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆవిడకీ అందరికీ ఉన్నట్టే ఒక పేరుంది, ఇక్కడ అందరూ, మనవడి వయసు కుర్రాళ్ళతో సహా, ఆ పేరు పెట్టే పిలుస్తారు. అమ్మాయికి నోరు రాలేదు. అమ్మకంటే పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడమా! పిన్నీ అనో అత్తయ్యా అనో ఆంటీ అనో ఏదో ఒకటి ముందు పడకపోతే అసలు మాటెలా మొదలవుతుంది? ఈ భాషలో నువ్వూ మీరూ ఒకటే మాట. 'అండీ' లేనే లేదు. అది లేని వాక్యం పలికినప్పుడల్లా చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చినట్టు ఉండేది మొదట్లో. అందుకని కొన్నాళ్ళు ఆవిణ్ణి పిలవాల్సి వచ్చినప్పుడల్లా దగ్గింది. "గొంతు బాగాలేదా నీకు?" అని ఆవిడే అడిగిందో రోజు. సంగతి చెబితే కుర్చీ ఊగేలా నవ్వి, "డ్రైవర్ అని పిలువు. ఊరంతా అలాగే పిలిచింది," అంది. దానికి ఒక అమ్మని తగిలించుకుంది మన అమ్మాయి, మనసులో. ఇవ్వాళ కూడా మొదలుపెట్టే ముందు ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, అమ్మాయి మొహంలో కంగారు చూసి, "బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు," అని కన్ను గీటింది. అయిపోయింది, ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట లేదు.

కిటికీ బయట పార్కు. అమ్మాయి చూపు అక్కడికి పోయింది. ఈ దేశం వచ్చిన కొత్తల్లో అదే పార్కులో బెంచీ మీద కూర్చుని ఉండగా, కొత్తగా నడక వచ్చిన పిల్ల ఒకతి ధబ్బున పడింది. అమ్మాయి బెంచీ మీంచి సగం లేచి "అయ్యయ్యో" అంది, గట్టిగా, తెలుగులో. పిల్ల తల్లి మాత్రం అక్కడే నిలబడి చూస్తోంది. రాతిగుండె మనిషనుకుంది. పిల్ల అటూ ఇటూ చూసింది, తల్లిని చూసింది, ఏడుద్దామా వద్దా అని కాసేపు ఆలోచించింది, లేచి చేతులు దులుపుకుని పోయింది. అప్పుడు ఆ తల్లి మొహం చూసింది అమ్మాయి. ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. చెయ్యి గాల్లో సగం దాకా లేచి ఆగి ఉంది. అంటే వీళ్ళ చేతులూ లేస్తాయన్న మాట, ఆపుకుంటారన్న మాట. అదే మనుషులు తలుపుల దగ్గర మాత్రం వేరే రకం. ఎక్కడో దూరంగా నువ్వు నీ మానాన నడిచొస్తుంటే, ముందు వెళ్ళినాయన తలుపు తెరిచి పట్టుకుని నీ కోసం నిలబడతాడు. ఇక నడవలేవు, పరుగెత్తాలి. రొప్పుకుంటూ వెళ్ళి థాంక్స్ చెప్పాలి. కొడుక్కి అన్నం కలిపి పెట్టరు గానీ ముక్కూమొహం తెలియనివాడికి తలుపు పట్టుకుంటారు, అని అమ్మకి ఫోన్లో చెబితే అమ్మ చాలాసేపు ఆలోచించి, "పోనీలే, ఏదో ఒకటి పట్టుకుంటున్నారుగా," అంది.

అమ్మతో ఫోనంటే గుర్తొచ్చింది, ఇంటావిడ. అమ్మాయి అద్దెకుంటున్న ఇంటావిడ, ఎత్తుగా, ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూ కనపడే మనిషి. మొదటిరోజు సాయంత్రం పెట్టెలు పైకి చేర్చాక కిందికి పిలిచి, "వండాను, తింటావా?" అని అడిగింది. వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగిన వాసన వస్తోంది. విమానంలో సరిగా తినలేదు, ఆకలి దంచేస్తోంది. అయినా, "వద్దు, పర్లేదు," అంది అమ్మాయి. అనకుండా ఎలా ఉంటుంది? అడగ్గానే సరేనంటే ఏం బాగుంటుంది! ఇంటావిడ ఇప్పుడు మళ్ళీ అడుగుతుంది, మనం మళ్ళీ వద్దంటాం, అయ్యో అలా అంటే ఎలా, కొంచెమైనా తిను అని చెయ్యి పట్టుకుంటుంది, అప్పుడు, మీరింతగా అంటున్నారు కాబట్టి అన్నట్టు మొహం పెట్టి కూర్చోవాలి. ఇంటావిడ "సరే" అంది. గిన్నె మీద మూత పెట్టింది. గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్జులో పెట్టింది. ఫ్రిజ్జు తలుపు చప్పుడైంది. సరే అంటే, సరేనా! ఇంకోసారి అడగదా? అమ్మాయి పైకెళ్ళి సంచీలో ఉన్న బిస్కెట్లు తిని, పడుకుని, కప్పు చూస్తూ, నన్ను పొమ్మనలేక పొగబెట్టిందేమో అని కూడా అనుకుంది. పాపం ఇంటావిడకేం తెలుసు. తర్వాత చెబితే ఆవిడ నివ్వెరపోయింది. "వద్దంటే వద్దనే కదా? తినాలని ఉంటే తింటాననాలి కదా?" అంది. మొహమాటం అన్న మాటకి ఈ భాషలో మాట వెతికింది అమ్మాయి. సిగ్గు కాదు, మర్యాద కాదు, అబద్ధం అసలే కాదు. దొరకలేదు. చివరికి, "మా దగ్గర మొదటిసారి అడిగేది నోటిని, రెండోసారి అడిగేది కడుపుని," అని చెప్పింది. ఇంటావిడ ఆ మాట చాలా ఇష్టపడింది. ఇప్పుడు ఆవిడ అడగ్గానే అమ్మాయి తింటానంటుంది, అంతే కాదు, తనే వెళ్ళి వడ్డించుకుంటుంది. ఆ సంగతి వినే అమ్మ అవతల గాభరా పడిపోయింది. "ఒక్కసారి అడగ్గానే తింటానన్నావా? ఏమనుకుంటారే!" "ఏమీ అనుకోరమ్మా. ప్లేటు ఇస్తారు." "అదేమిటే, అంతలా తయారయ్యావా?"

తయారైంది. అబద్ధమెందుకు, తయారైంది, బాగుంది కూడా. సొంత తాళంచెవి ఉండటం బాగుంది. సాయంత్రం ఊరికే నడుచుకుంటూ వెళ్ళి, ఎక్కడికే, ఎందుకే, ఎవరితోనే అని ఎవరూ అడక్కుండా తిరిగిరావడం బాగుంది. ఒక దుకాణంలో నీలం కప్పు ఒకటి చూసి, ఎవర్నీ అడక్కుండా కొనుక్కుని, గదిలో బల్ల మీద పెట్టి చూసుకోవడం బాగుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎవరూ మాట కలపరు, ఆ నిశ్శబ్దం మొదట్లో అందరూ తన మీద అలిగినట్టు అనిపించేది, ఇప్పుడు దుప్పటిలా హాయిగా ఉంది. అలాగని ఇంట్లో ఆ గోల వద్దా అంటే, వద్దని ఎవరన్నారు? మొన్న ఫోన్లో అలవాటుగా అమ్మకి థాంక్స్ చెప్పేసరికి అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నాకు థాంక్స్ చెప్తావేమిటే, నేనేమన్నా పరాయిదాన్నా?" అంది. అమ్మాయికి నవ్వూ వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. రెండూ కావాలి, అంతే. రెండూ కావాలనుకోవడం అత్యాశ అయితే అయింది.

గుండీలన్నీ అయిపోయాయి. అన్నీ వరసగా, ముచ్చటగా, తప్పుగా. పైన మెడ దగ్గర ఒక కాజా ఖాళీగా మిగిలింది, కింద ఒక గుండీ అనాథలా నిలబడింది. డ్రైవరమ్మ స్వెట్టర్‌ని ఓసారి తట్టుకుని, కర్ర అందుకుని లేచింది. అమ్మాయి అరచేతుల్లోకి కుర్చీ చెక్క దిగబడుతోంది. ఒక్క వేలు చాలు. గుండీ వైపు ఒక్క వేలు చూపిస్తే చాలు. వారం కిందట ఇదే గదిలో లెక్కల మాస్టారు ఒకాయన మేజోడు తొడుక్కుంటూ వంగలేక అవస్థ పడుతుంటే, ఎప్పుడు కుర్చీలోంచి లేచిందో, ఎప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుందో అమ్మాయికే తెలియదు, చూసుకునేసరికి మేజోడు ఆయన మడమ దాటిపోయింది. పెద్దాయన ఆనందానికి హద్దుల్లేవు. "రోజూ ఈ అమ్మాయినే పంపించండి," అన్నాడు. మేడమ్ తాపీగా దగ్గరికొచ్చి, "మేజోడు చాలా బాగా తొడిగావు. ఇప్పుడది విప్పి ఆయన చేత తొడిగించు," అంది. గది బయట మాత్రం నెమ్మదిగానే చెప్పింది. "చేతులు జేబుల్లో పెట్టుకో. జేబులు లేకపోతే వాటి మీద కూర్చో." మేడమ్ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడు మేకు దిగ్గొట్టినట్టు మాట్లాడుతుంది. ఆ రాత్రి అమ్మకి ఆ సంగతి చెప్పి, పెద్దవాళ్ళకి చెయ్యందిస్తే ఇక్కడ ఫెయిల్ చేస్తారమ్మా అంటే, అమ్మ ఒక నిట్టూర్పు విడిచి, "మన దగ్గర చెయ్యిచ్చినవాణ్ణి తిడతారు, అక్కడ చెయ్యందించినవాణ్ణి తిడతారు. నీ పాట్లు నువ్వు పడు," అంది.

కర్ర టక్కు, కాలు ఈడ్పు. కర్ర టక్కు, కాలు ఈడ్పు. ఆ చప్పుడు వింటే అమ్మమ్మ గుర్తొస్తుంది. అమ్మమ్మకి కర్ర లేదు, కర్ర ఇవ్వలేదు ఎవరూ, మనుషులు ఉండగా కర్రెందుకు? అమ్మమ్మకీ ఇలాగే ఒక చెయ్యి పడిపోయింది. ఆ రోజు నుంచి ఇల్లంతా ఆవిడ చుట్టూ తిరిగింది. మావయ్య ఎత్తి కూర్చోబెట్టేవాడు, అమ్మ స్నానం చేయించేది, పిన్ని జడ వేసేది, అన్నం పెట్టడం మాత్రం అమ్మాయి పని. స్కూలు నుంచి రాగానే పుస్తకాలు పడేసి, చేతులు కడుక్కుని, అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అమ్మమ్మ ముద్ద ముద్దకీ ఒక వంక పెట్టేది. ఉప్పు తగ్గిందనేది, ముద్ద పెద్దదైందనేది, నీ పెళ్ళయ్యాక నాకెవరు పెడతారే అనేది. కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకున్నారని చుట్టాలందరూ చెప్పుకునేవాళ్ళు. నిజమే, పెట్టనివ్వలేదు. ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. మంచినీళ్ళకని లేచిన అమ్మాయికి వరండాలో అమ్మమ్మ కనపడింది. ఒళ్ళో చేటలో చిక్కుళ్ళున్నాయి. మంచి చేత్తో ఒక చిక్కుడుకాయ తీసి, పడిపోయిన చేతి వేళ్ళ మధ్య ఇరికించి, ఈ చేత్తో ఈనె లాగుతోంది. కాయ జారిపోతోంది, మళ్ళీ ఇరికిస్తోంది. ఎన్నిసార్లు అలా చేసిందో ఏమో, పక్కన వలిచిన కాయలు చిన్న కుప్పగా ఉన్నాయి. అమ్మమ్మ మొహంలో ఎవరితోనో పందెం కాసిన చిన్నపిల్ల పట్టుదల ఉంది. ఇంతలో అమ్మ వచ్చి చూసి, "అయ్యో, నీకెందుకమ్మా ఈ శ్రమ, మేమంతా చచ్చామా," అని చేట తీసేసుకుంది. ఎంత ప్రేమగా తీసుకుందో! అమ్మమ్మ ఖాళీ అయిన ఒళ్ళోకి ఓసారి చూసుకుని, "దాహంగా ఉందే," అంది.

ఆ చేట గురించి ఇన్నేళ్ళూ గుర్తే రాలేదు. ఈ చదువుకి వచ్చాకే వచ్చింది, వచ్చినప్పటినుంచి పోవడం లేదు. అమ్మని తప్పుపట్టడానికి మనసొప్పదు. అమ్మమ్మ ముద్దలు తినడం ఇష్టంలేక తిన్నదా అంటే, ఛ, ఆవిడ ఇష్టం లేని పని దేవుడు చెప్పినా చేసే రకం కాదు. మనవరాలి చేతి ముద్ద కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. కానీ చిక్కుళ్ళు కూడా ఆవిడకి కావాలి. రెండూ కావాలి ఆవిడకి కూడా. ఆ ముక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఆవిడా అడగలేదు. అమ్మమ్మకి మాత్రం మొహమాటం ఉండదా?

నీళ్ళ చప్పుడైంది. డ్రైవరమ్మ కెటిల్‌ని సింకులో పెట్టి, కుళాయి తిప్పి, మంచి చేత్తో ఎత్తి పెట్టింది. నిండా పట్టలేదు, ఎత్తగలిగినంతే పట్టుకుంది. కెటిల్ మీట నొక్కింది. కర్ర గట్టుకి ఆనించి, నడుముని గట్టుకి ఆనించి, నీళ్ళు కాగేదాకా నిలబడింది. వేచి ఉండటం ఆవిడకి చిరాకు. మొదటిరోజు అదే జరిగింది. ఆవిడ చేత వేళ్ళు కదిలించే సాధన చేయించడం అయ్యాక అమ్మాయి లేచి, తలూపి, ఈ భాషలో "వస్తాను" అని చెప్పి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళ దగ్గర వెళ్తానని ఎలా అంటాం? మర్నాడు వెళ్ళేసరికి ఆవిడ మొహం మాడ్చుకుని ఉంది. వస్తానన్న పిల్ల ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుందని, నర్సు పడుకోమన్నా పడుకోకుండా, చీకటిపడేదాకా కుర్చీలోనే కూర్చుందట. "బస్సు ఇలా రాకపోతే జనం నన్ను స్టాపులో పాతిపెట్టేవాళ్ళు," అని దులిపేసింది. వస్తానంటే వెళ్తానని అర్థమని, వెళ్తానంటే మళ్ళీ రానని అనిపిస్తుందని, అందుకని అలా అంటామని అమ్మాయి తడబడుతూ చెప్పింది. ఆవిడ అంతా విని, "మీ ఊళ్ళో బస్సులు ఎలా నడుస్తాయో ఊహించగలను," అంది. కానీ ఆ రోజు నుంచి అమ్మాయి బయల్దేరినప్పుడల్లా, "అసలు రావడమా, మీ ఊరి రావడమా?" అని అడగడం ఆవిడకి సరదా అయిపోయింది. "మా ఊరిదే," అంటుంది అమ్మాయి. "సరే, అయితే రా," అంటుంది ఆవిడ.

కెటిల్ సన్నగా కూస్తోంది. స్టీలు కెటిల్, అద్దంలా మెరుస్తోంది. డ్రైవరమ్మ దాని వైపు చూసింది. మళ్ళీ చూసింది. కొంచెం వంగి, తల ఒక పక్కకి వాల్చి, సరిగ్గా బస్సు పక్కద్దంలోకి చూసినట్టు చూసింది. అమ్మాయి అటు చూడకూడదు. కిటికీ వైపు చూడాలి. పార్కు ఎక్కడుందో కనపడటం లేదు, ఎక్కడ చూసినా గుండీలే. కెటిల్ పొట్టలో ఆవిడ మొహం గుమ్మడికాయంత కనపడుతూ ఉండాలి, దాని కింద మెడ, మెడ దగ్గర ఆ ఖాళీ కాజా. "ఓహో," అంది డ్రైవరమ్మ, తనలో తాను. "పక్క లైన్లోకి వెళ్ళిపోయానన్న మాట." అని, ఎవరి వైపూ చూడకుండా, కింది నుంచి ఒక్కొక్క గుండీ విప్పడం మొదలుపెట్టింది. అమ్మాయికి లేచి ఈల వెయ్యాలనిపించింది. నీళ్ళు కాగి కెటిల్ టక్కున ఆగిపోయింది. ఆవిడ పట్టించుకోలేదు. అన్నీ విప్పి, ఈసారి మొదటి గుండీని మెడ దగ్గర పట్టుకుని, కాజాని వేలితో తడిమి చూసుకుని, అది అదేనని తేల్చుకున్నాకే పెట్టింది. ఆ తర్వాతవి బుద్ధిగా వాటి చోట్లలోకి అవి వెళ్ళాయి. చల్లారిన నీళ్ళని మళ్ళీ కాగబెట్టింది. గోడ దగ్గర మేడమ్ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. ఆవిడ చేతులు కూడా జేబుల్లో ఉన్నాయని అమ్మాయి అప్పుడే గమనించింది, పిడికిళ్ళు బిగించి ఉన్నాయని కూడా.

పంచదార సీసా మూత బిగుసుకుపోయి ఉంటే డ్రైవరమ్మ సీసాని పొట్టకీ గట్టుకీ మధ్య ఇరికించి తిప్పింది. పంచదార కొంచెం ఒలికింది, ఒలకనీ. టీ పొట్లాం పళ్ళతో చింపింది. వేడినీళ్ళు వంచేటప్పుడు కెటిల్ వణికింది. కాసిని నీళ్ళు గట్టు మీద పడ్డాయి, మిగతావి కప్పులోకే పడ్డాయి. ఇక టీ టేబుల్ దగ్గరికి చేరాలి. గట్టు ఇక్కడ, టేబుల్ అక్కడ. ఉన్నది ఒక్కటే మంచి చెయ్యి. కర్ర పట్టుకుంటే కప్పు లేదు, కప్పు పట్టుకుంటే కర్ర లేదు. డ్రైవరమ్మ కప్పు చూసింది, కర్ర చూసింది, టేబుల్ చూసింది, ఒక్క క్షణం అమ్మాయినీ చూసింది. ఆ చూపు మామూలుగా ఉంటే బాగుండేది. అందులో అడగాలన్న కోరికా, అడగకూడదన్న పంతమూ రెండూ ఉన్నాయి, చేట తీసేసుకున్నప్పటి అమ్మమ్మ చూపులా. అడగొద్దు డ్రైవరమ్మా, అడిగితే నేను ఆగలేను. పాడు కప్పు, ఎంత దూరమని, నాలుగడుగులు. ఇటివ్వండి నేను తెస్తాను అంటే ప్రపంచం మునిగిపోతుందా? మునిగిపోతుంది, డిపో ఎదురుగా ఉన్న ఇల్లు మునిగిపోతుంది. అమ్మాయి ఇంకా గట్టిగా చేతుల మీద కూర్చుంది. డ్రైవరమ్మ చూపు తిప్పుకుని కర్ర అందుకుంది. కప్పుని అక్కడే వదిలేసి, టేబుల్ దగ్గరికి, టక్కు, ఈడ్పు, నడిచింది. కర్రని టేబుల్‌కి ఆనించి, కుర్చీ వీపు పట్టుకుని, దాన్ని తోసుకుంటూ, కుర్చీయే కర్రలా, గట్టు దగ్గరికి తెచ్చేసుకుంది. గట్టు పక్కనే వేసుకుని కూర్చుంది. కప్పు అందుకుని ఊదుకుంది. "జనం బస్సు దగ్గరికి రావాలి గానీ, బస్సు జనం ఇళ్ళకి వెళ్తుందా?" అని, చప్పుడు చేస్తూ తాగింది.

ఆవిడ తాగడం ఎంతసేపు చూసినా తనివి తీరేలా లేదు. మధ్యలో ఆపి, పంచదార ఎక్కువైందన్నట్టు మొహం పెట్టి, మళ్ళీ తాగింది. ఎండ ఆవిడ మోకాళ్ళ మీదికి జరిగింది. కప్పు ఖాళీ చేసి గట్టు మీద పెట్టాక మేడమ్ గోడ వదిలి ముందుకొచ్చింది. "టీ టేబుల్ దగ్గర తాగాలని కదా అనుకున్నాం," అంది. డ్రైవరమ్మ గడ్డం పైకెత్తింది. మేడమ్ ఆ కుర్చీని, గట్టుని, ఒలికిన పంచదారని, వరసగా పెట్టుకున్న గుండీల్ని చూసి, "ఇదే మెరుగ్గా ఉంది. వచ్చే వారం ఇంటికి వెళ్ళొచ్చు మీరు," అంది. ఈ భాషలో నువ్వూ మీరూ ఒకటే మాటైనా, మేడమ్ అన్నది 'మీరు' అనే, అమ్మాయి చెవులతో విన్నది.

డ్రైవరమ్మ ముక్కు ఓసారి ఎగబీల్చింది. తర్వాత కర్ర అల్లంత దూరాన టేబుల్ దగ్గర ఉండిపోయిందని చూసుకుని, తన మంచి చెయ్యి అమ్మాయి వైపు చాపింది. "ఇంక చాల్లే, రా. పరీక్ష అయిపోయిందిగా. ఇప్పుడు పట్టుకుని లేపు. కాళ్ళు పీకుతున్నాయి," అంది.

అమ్మాయి ఒక్క ఉదుటున చేతులు లాక్కుంది. చేతులు వచ్చాయి గానీ చేతుల్లా రాలేదు. తిమ్మిరెక్కి, చచ్చుబడి, ఎవరివో చేతులు తన భుజాలకి తగిలించినట్టు వేలాడాయి. డ్రైవరమ్మ చెయ్యి పట్టుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. మళ్ళీ పట్టుకోబోయింది, మళ్ళీ జారిపోయింది. ఇంతసేపూ లేచొస్తామని ప్రాణాలు తోడిన చేతులు, ఇప్పుడు రమ్మంటే రావే! మేడమ్ గబుక్కున ఓ అడుగు ముందుకేసింది. డ్రైవరమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపేసింది.

"ఆగండి మేడమ్," అంది, నవ్వు దాచుకుంటూ. "చేసుకోనివ్వండి. తనంతట తాను చేసుకోవాలి."

అని, కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముసలివాళ్ళు మెట్టెక్కేదాకా బస్సు ఆపుకుని కూర్చునే తీరికతో అమ్మాయినే చూస్తూ కూర్చుంది. అమ్మాయి పడీ పడీ నవ్వుతూ, కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి రాక, ఒక్కొక్క వేలే, చిటికెన వేలితో మొదలుపెట్టి, కదిలించడం మొదలుపెట్టింది.